ముందు చక్రాల జీటీఐనా, నాలుగు చక్రాల ఏ45నా? బెంగళూరులో ఉండేవాడికి ఏది?

పీలేరు_పోలో | వైట్‌ఫీల్డ్ | 8 నవంబరు 2025, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ మీ కొట్లాటలు చదివి నవ్వుకోవడమే గానీ నేనుగా రాయడం ఇదే మొదలు.

నాది 2014 పోలో జీటీ టీఎస్‌ఐ. 1.2 ఇంజను, 105 పీఎస్ (గుర్రాల బలం లెక్క). లక్షా ముప్పై వేలు తిరిగింది. ఇంకా ముద్దుగానే ఉంది గానీ, మొన్న జీతం పెరిగినప్పట్నించీ బుద్ధి నిలకడగా లేదు. అన్నీ కలిపి 65 లక్షలు పెట్టగలను. అది దాటితే కారు ఉంటుంది, సంసారం ఉండదు.

ఒక దారి ఎఫ్‌డబ్ల్యూడీ, అంటే ఇంజను బలం ముందు రెండు చక్రాలకే. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ, 265 పీఎస్, 370 ఎన్ఎం టార్క్ (తిప్పే బలం). మేలో 53 లక్షలకి మొదటి విడత 150 కార్లు వచ్చాయి, ధర చెప్పేలోపే అయిపోయాయి. అక్టోబరులో 49.99 లక్షలకి స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ వంద వస్తే అవీ అంతే. మా ఆఫీసులో ఒకాయన ఆన్‌సైట్ పోతూ తన జీటీఐ అమ్ముతానంటున్నాడు.

ఇంకో దారి ఏడబ్ల్యూడీ, అంటే నాలుగు చక్రాలకీ బలం. 2022 మెర్సిడెస్ ఏఎంజీ ఏ45 ఎస్, సెకండ్ హ్యాండ్. 421 పీఎస్, 500 ఎన్ఎం, సున్నా నుంచి వందకి 3.9 సెకన్లు. 2021 నవంబరులో 79.50 లక్షలకి వచ్చిన బండి ఇప్పుడు నా బడ్జెట్ అంచున నిలబడి రా రమ్మంటోంది.

వారమంతా ఔటర్ రింగ్ రోడ్డు. నెలకి రెండుసార్లు హొసకోట, చింతామణి, మదనపల్లె మీదుగా పీలేరు. అప్పుడప్పుడూ హార్స్‌లీ హిల్స్. ట్రాక్ ఎప్పుడూ ఎక్కలేదు, ఎక్కాలని ఉంది.

ఏడబ్ల్యూడీ మీద మనసు ఎందుకు పోయిందో కూడా చెప్తా. ఆగస్టులో ఒక రాత్రి, మదనపల్లె దాటి వాయల్పాడు దారిలో సన్నటి తుంపర. ముందు పోయిన టమోటా లారీ నుంచి రసం కారి రోడ్డంతా జిగటగా ఉంది. మలుపు మధ్యలో కొంచెం తొక్కానంతే, లోపలి చక్రం గిర్రున తిరిగింది. స్టీరింగు ఎంత తిప్పినా బండి నేరుగా పొలంలోకే పోతానంది. కాలు తీశాక గానీ దారికి రాలేదు. 105 పీఎస్‌కే ఇట్లయితే 265కి ఎట్లుంటుంది?

---

వరంగల్_వీల్‌స్పిన్ | మారతహళ్లి | 8 నవంబరు, రాత్రి 11:52

అన్నా, సిల్క్ బోర్డు కాడ 421 గుర్రాలు ఏం జేస్తయే? నిలబడి గడ్డి తింటయ్.

---

ర్యాలీ_రాయుడు | యలహంక | 9 నవంబరు, ఉదయం 6:15

నవ్వులాట కాదు బ్రదర్, టమోటా మలుపులో నీకు సమాధానం దొరికిపోయింది. లాన్సియా డెల్టా ఏమిటి? పైకి మామూలు ఐదు తలుపుల హ్యాచ్‌బ్యాకే. దానికి నాలుగు చక్రాల బలం ఇచ్చాక 1987 నుంచి 1992 దాకా వరసగా ఆరేళ్లు ప్రపంచ ర్యాలీ తయారీదారుల టైటిల్ ఇంకొకరికి పోలేదు. పట్టు లేనిచోట నాలుగు చక్రాలు తొయ్యాల్సిందే.

తారు రోడ్డు మీద కూడా చూడు. జీటీఐ వందకి 5.9 సెకన్లు. అదే ఇంజను కుటుంబం, అదే బాడీ, నాలుగు చక్రాల గోల్ఫ్ ఆర్ 333 పీఎస్‌తో 4.6. ఆ తేడా అంతా పవర్‌ది కాదు, మొదటి రెండు గేర్లలో ముందు చక్రాలు ఊరికే తిరిగి పారబోసుకునేది కూడా అందులో ఉంది.

ఏ45 తీసుకో. మళ్లీ ఇట్లాంటి బండి మన దేశానికి వస్తుందన్న నమ్మకం నాకు లేదు.

---

కరెంటు_బాబాయ్ | ఎలక్ట్రానిక్ సిటీ | 9 నవంబరు, ఉదయం 7:02

జీటీఐ వచ్చిన అదే 53 లక్షలకి నిరుడు బీవైడీ సీల్ పెర్ఫార్మెన్స్ వచ్చింది. 530 పీఎస్, నాలుగు చక్రాలు, వందకి 3.8. పెట్రోలు బంకు మొహం చూడక్కర్లేదు. ఎందుకు నాయనా ఈ పాత ఇనుము గోల?

---

చర్చా_కాపలా | 9 నవంబరు, ఉదయం 7:20

బాబాయ్, అది సెడాను, బరువు రెండు టన్నుల పైన. మీ కరెంటు చర్చ పక్క గదిలో నడుస్తోంది, అక్కడికి దయచేయండి. ఇక్కడ పెట్రోలు వాసన మాత్రమే.

---

గేర్‌బాక్స్_గోవిందు | పీణ్య | 9 నవంబరు, ఉదయం 9:34

తమ్ముడూ పీలేరూ, ఇరవై రెండేళ్లుగా పీణ్యలో షెడ్డు నడుపుతున్నాను. ఆదివారం కాబట్టి తీరిగ్గా రాస్తున్నా.

టైరు పట్టుని నెల జీతం అనుకో. వచ్చేది అంతే, పెరగదు. మలుపు తిరగడానికి కొంత ఖర్చు, ముందుకు లాగడానికి కొంత. ఎఫ్‌డబ్ల్యూడీ బండిలో ముందు టైర్లు రెండూ ఇంటికి పెద్దకొడుకులు. తిప్పేది వాళ్లే, లాగేది వాళ్లే, బ్రేకు తొక్కితే ఎక్కువ భారం పడేదీ వాళ్ల నెత్తినే. వెనక టైర్లు పెళ్లికొచ్చిన చుట్టాల్లాగా వెంట వస్తాయంతే. నువ్వు ఆ రాత్రి జీతమంతా మలుపుకే ఖర్చుపెట్టేసి, పైన యాక్సిలరేటరు తొక్కావు. అప్పు పుట్టలేదు.

దానికి తోడు, తొక్కగానే బండి బరువు వెనక్కి ఒరుగుతుంది. స్కూటరు ఎగదోస్తే వెనక కూర్చున్నవాళ్లు వెనక్కి పడబోయినట్టు. పాపం, లాగాల్సిన ముందు చక్రాలే తేలికపడతాయి. ఏడబ్ల్యూడీలో అదే బరువు వెనక టైర్ల మీద పడి పనికొస్తుంది. కదిలేటప్పుడూ, మలుపులోంచి బయటికి వచ్చేటప్పుడూ దాని గొప్ప అదే. ఇంతవరకూ రాయుడు గారి మాట కాదనను.

కానీ మలుపులోకి దిగేటప్పుడు? అక్కడ ఏడబ్ల్యూడీ అయినా తిప్పేవి ముందు రెండే. ఆపడానికి బ్రేకులు ప్రతి కారుకీ నాలుగు చక్రాలకీ ఉన్నాయి, ఆ విషయంలో ఎవడి గొప్పా లేదు. పైగా షాఫ్టు, వెనక డిఫరెన్షియలు, కప్లింగు కలిసి వంద కిలోల దాకా అదనంగా మోస్తావు, ఆ బరువుని ఆపేదీ తిప్పేదీ ఆ టైర్లే. నా షెడ్డుకి డీకొట్టి వచ్చిన ఏడబ్ల్యూడీ బండ్లలో ఎక్కువ, వానలో బాగా కదిలింది కాబట్టి బాగా ఆగుతుందనుకున్నవాళ్లవే.

ఒకటి అడుగుతా, సూటిగా చెప్పు. టైరు పక్క గోడ మీద చిన్న గుండ్రటి గడిలో నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. నీ ముందు టైర్ల మీద ఏముందో చూసి రా.

---

పీలేరు_పోలో | 9 నవంబరు, ఉదయం 9:58

కిందికి దిగి మొబైల్ లైటు వేసి చూసొచ్చా అన్నా. 3119.

---

వరంగల్_వీల్‌స్పిన్ | 9 నవంబరు, ఉదయం 10:01

ఆరేండ్ల టైర్లు ఏసుకొని టమోటా మీద, డ్రైవ్‌ట్రైన్ మీద కేసు పెడ్తున్నవా అన్నా 😂

---

ర్యాలీ_రాయుడు | 9 నవంబరు, ఉదయం 10:20

టైర్లు పాతవే, ఒప్పుకుంటా. అయినా కొత్త టైర్లు వేసినంత మాత్రాన ఎఫ్‌డబ్ల్యూడీ ఏడబ్ల్యూడీ అయిపోదు.

---

మూడోగేర్ | జయనగర్ | 9 నవంబరు, మధ్యాహ్నం 2:45

పీలేరు గారూ, ట్రాక్ మాట ఎత్తారు కాబట్టి నేనూ దిగుతున్నా. ఏడాదికి నాలుగైదుసార్లు శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి వెళ్తాను. 3.7 కిలోమీటర్ల సర్క్యూట్. నాది ఎఫ్‌డబ్ల్యూడీయే.

ముందుగా ఒక లెక్క. ఈ ఏడాది వచ్చిన జీటీఐ ఎడిషన్ 50 ముందు చక్రాలతో నడిచే బండి, 325 పీఎస్. జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్ చుట్టు 7:46.13లో కొట్టింది. అదే కంపెనీ నాలుగు చక్రాల గోల్ఫ్ ఆర్ 20 ఇయర్స్, 333 పీఎస్, 2022లో కొట్టింది 7:51. సొంత తమ్ముడే అన్నని దాటాడు. హోండా సివిక్ టైప్ ఆర్ 2023లో 7:44.881, అదీ ముందు చక్రాలే, పైగా మాన్యువల్ గేర్లు. మరి ఎఫ్‌డబ్ల్యూడీకి పట్టు దొరకదన్నది ఎవరండీ?

నేర్చుకోవడానికి కూడా ఇదే మంచి పంతులని నా అభిప్రాయం. మలుపులోకి ఎక్కువ వేగంతో వెళ్తే స్టీరింగు ముందుగానే తేలికై చెప్పేస్తుంది. కాలు కొద్దిగా తీస్తే వెనక భాగం కాస్త తిరిగి ముక్కు లోపలికి వస్తుంది. తప్పు చేసిన మరుక్షణమే తెలుస్తుంది. నాలుగు చక్రాల బండి మీ తప్పుల్ని చాలాసేపు కప్పిపుచ్చుతుంది, ఆ తర్వాత ఒకేసారి చెప్తుంది.

చెడ్డది కూడా చెప్పాలిగా. మధ్యాహ్నం నాలుగో సెషను అయ్యేసరికి నా ముందు టైర్ల భుజాలు కాగిన బెల్లం పాకంలా అవుతాయి. గోరు పెడితే దిగుతుంది. రబ్బరు పేలికలు చక్రాల గూట్లో అతుక్కుని ఇంటికి వస్తాయి, మా పనమ్మాయి అవి ఏమిటని ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది. వెనక టైర్లు మాత్రం నిన్న షాపులోంచి తెచ్చినట్టు ఉంటాయి. ముందు జత రెండుసార్లు మారితే వెనక జత ఒకసారి.

---

ర్యాలీ_రాయుడు | 9 నవంబరు, మధ్యాహ్నం 3:10

మేడమ్, ఆ ఎడిషన్ 50 ఏ టైర్ల మీద పోయిందో అది కూడా సభకి చెప్పండి. సెమీ స్లిక్కులు, గాళ్లు బాగా తక్కువుండే ట్రాక్ టైర్లు. ఆ టైర్లేసుకుని మా యలహంక వానలో పాలపాకెట్ తెచ్చుకోమనండి చూద్దాం.

---

మూడోగేర్ | 9 నవంబరు, మధ్యాహ్నం 3:14

నేను చెప్పేదీ అదే కదండీ రాయుడు గారూ! ఆ వేగంలో పెద్ద వాటా టైర్లది.

---

బీటెక్_బూస్ట్ | కె.ఆర్. పురం | 9 నవంబరు, సాయంత్రం 5:30

65 లక్షల్లో మాట్లాడుకునే పెద్దలకి దండాలు. మా లాంటోళ్ల సంగతేంటండీ? ఐ20 ఎన్ లైన్ 120 పీఎస్, ఆల్ట్రోజ్ రేసర్ 120 పీఎస్, అన్నీ ముందు చక్రాలే. పది పదిహేను లక్షల్లో ఏడబ్ల్యూడీ హాట్ హ్యాచ్ (పరుగు కోసం చేసిన హ్యాచ్‌బ్యాక్) ఎవడూ ఎందుకు చేయడు?

---

గేర్‌బాక్స్_గోవిందు | 9 నవంబరు, సాయంత్రం 6:05

120 పీఎస్‌కి నాలుగు చక్రాలెందుకు బాబూ? పల్లకీ ఒక్కరు కూర్చునేది, బోయీలు ఎనిమిది మంది అన్నట్టు ఉంటుంది. మంచి టైర్లుంటే ఆ పవర్‌ని ముందు రెండు చక్రాలు నవ్వుతూ మోస్తాయి. పాత అబార్త్ పుంటో దొరికితే చూడు. 145 పీఎస్, 212 ఎన్ఎం, 2015లో పది లక్షల్లోపు. ఇప్పటికీ నా షెడ్డుకి రెండు వస్తాయి, వచ్చినప్పుడల్లా కుర్రాళ్లు పని ఆపి చుట్టూ చేరతారు.

---

బీటెక్_బూస్ట్ | 9 నవంబరు, సాయంత్రం 6:08

టొయోటా వాడి నాలుగు చక్రాల చిన్న హ్యాచ్ జీఆర్ యారిస్ తెప్పిస్తే బాగుండు. కలలో అయినా.

---

ఈఎంఐ_ఎంకన్న | సర్జాపుర రోడ్డు | 10 నవంబరు, ఉదయం 8:40

అందరూ వేగం గురించే మాట్లాడుతున్నారు. డబ్బు సంగతి నేను చెప్తా, నన్ను తిట్టుకోండి.

నేను మూడేళ్లు ఒక ఏడబ్ల్యూడీ కారు నడిపాను, కంపెనీ పేరు వద్దు. ఒక రాత్రి వాన, నీళ్లు నిలిచిన గుంట కనపడలేదు. దడ్‌మని ఒక్క చప్పుడు. పొద్దున చూస్తే ముందు ఎడమ టైరు పక్కన నిమ్మకాయంత బుడిపె. ఒక్క టైరేగా అని షాపుకి పోయాను. అక్కడి పెద్దాయన లోతు కొలిచే పుల్ల తీసి మిగతా మూడూ చూశాడు. నాలుగు మిల్లీమీటర్లు ఉన్నాయి. కొత్తది ఎనిమిది. "సార్, ఇది ఒక్కటి వేస్తే దీని చుట్టుకొలత వేరు, మిగతావాటి చుట్టుకొలత వేరు. ఒక చక్రం ఎప్పుడూ వేరే లెక్కలో తిరుగుతుంటే మధ్యలో క్లచ్చు ప్లేట్లు రుద్దుకుంటూనే ఉంటాయి" అన్నాడు. ఒక్క గుంటకి నాలుగు టైర్లు కొన్నాను. ఎఫ్‌డబ్ల్యూడీ అయితే ఆ ఇరుసుకి రెండేసి మార్చుకుని ఊరుకునేవాణ్ణి.

ఇంకోటి. కర్ణాటకలో 20 లక్షలు దాటిన కొత్త కారుకి జీవితకాల పన్ను 18 శాతం, దాని మీద సెస్సు వేరే. 50 లక్షల బండికి తొమ్మిది లక్షల పైమాటే. సెకండ్ హ్యాండులో ఆ బాధ అమ్మేవాడు పడి ఉంటాడు, నిజమే. కానీ ఆ ఏ45 నంబరు ప్లేటు ఏ అక్షరాలతో మొదలవుతుందో చూశారా?

---

పీలేరు_పోలో | 10 నవంబరు, ఉదయం 9:15

పీవై అన్నా.

---

ఈఎంఐ_ఎంకన్న | 10 నవంబరు, ఉదయం 9:17

అయ్యో. పుదుచ్చేరి బండి. ఏడాది దాటి ఇక్కడే తిప్పితే కర్ణాటక పన్ను కట్టాల్సిందే. బండి వయసుని బట్టి కొంత తగ్గిస్తారు, అయినా లక్షల్లోనే. ఈ ఏడాది మొదట్లోనే రవాణా శాఖవాళ్లు నగరంలో ఇలాంటి ఖరీదైన కార్లని రోడ్డు మీదే ఆపి పట్టుకున్నారు. ఆ లెక్క డీలరు చెప్పడు, నువ్వే ధరలో కోయించుకోవాలి.

---

ర్యాలీ_రాయుడు | 10 నవంబరు, ఉదయం 9:50

పన్నులకి భయపడేవాడు ఏఎంజీ కొనకూడదు, అది వేరే సంగతి. ఒక్కటి అడుగుతా, ఎవరైనా జవాబు చెప్పండి. 370 ఎన్ఎం ముందు చక్రాలకే ఇస్తే స్టీరింగు చేతుల్లోంచి లాక్కుపోదా? మా బావమరిది దగ్గర మ్యాపింగ్ చేయించిన (ఇంజను కంప్యూటరు మార్చి పవర్ పెంచిన) ఎఫ్‌డబ్ల్యూడీ ఉంది. రెండో గేర్లో పూర్తిగా తొక్కితే పశువుల సంతలో కోడెదూడని పట్టుకున్నట్టే ఉంటుంది.

---

గేర్‌బాక్స్_గోవిందు | 10 నవంబరు, రాత్రి 9:22

మంచి ప్రశ్న. రోజంతా ఒక క్లచ్చు ప్యాకు విప్పుతూ ఇదే ఆలోచించా.

ఇంజను అడ్డంగా కూర్చున్న బండ్లలో గేర్‌బాక్సు ఒక పక్కకి జరిగి ఉంటుంది. అందుకని ఒక పక్క యాక్సిలు పొడుగు, ఒక పక్క పొట్టి. బలంగా తొక్కితే రెండూ ఒకేలా స్పందించవు, స్టీరింగు ఒక పక్కకి గుంజుతుంది. దీన్ని తగ్గించడానికి హోండా సివిక్ టైప్ ఆర్‌లో స్ట్రట్టుకీ, తిరిగే ముక్కకీ వేర్వేరు ఇరుసులు పెట్టింది. ఫోర్డు 2009 ఫోకస్ ఆర్‌ఎస్‌లో రెవోనకుల్ అని అలాంటిదే పెట్టి 305 పీఎస్ ముందు చక్రాలకే ఇచ్చింది.

మీ బావమరిది బండి కోడెదూడ అవడానికి పెద్ద కారణం డిఫరెన్షియల్, అంటే రెండు చక్రాలకీ బలం పంచే గేర్ల పెట్టె. మామూలు ఓపెన్ డిఫరెన్షియల్ సోమరిపోతు. తేలిగ్గా తిరిగే చక్రం ఎంత బలం మోయగలిగితే, రెండోదానికీ అంతే ఇచ్చి ఊరుకుంటుంది. మలుపులో తేలికయ్యేది లోపలి చక్రం, కాబట్టి అది గిర్రుమంటుంది. దానికి చౌక మందు, కంప్యూటరు లోపలి చక్రం బ్రేకు చిన్నగా నొక్కి బలం బయటి చక్రానికి పోయేలా చేయడం. ఎక్స్‌డీఎస్ చేసేది అదే. రోడ్డు మీద బాగుంటుంది, ట్రాక్ మీద ప్యాడ్లు కాలిపోతాయి.

అసలు మందు వ్యాక్. డిఫరెన్షియల్‌కీ ఒక పక్క యాక్సిల్‌కీ మధ్య క్లచ్చు ప్లేట్ల కట్ట ఉంటుంది. కంప్యూటరు దాన్ని బిగిస్తే బయటి చక్రానికి బలం నిజంగానే చేరుతుంది. జీటీఐలో ఉన్నది ఇదే. 2020లో 35.99 లక్షలకి 200 వచ్చిన ఆక్టేవియా ఆర్‌ఎస్ 245లో ఉన్నదీ ఇదే. తమాషా ఏమిటంటే ఈ వ్యాక్ చేసేది బోర్గ్‌వార్నర్. ఏడో తరం గోల్ఫ్ ఆర్‌లో వెనక చక్రాలకి బలం పంపే హాల్డెక్స్ కప్లింగు కూడా వాళ్లదే. 2011లో హాల్డెక్స్ ఆ వ్యాపారాన్ని వాళ్లకి అమ్మేసింది. పంపూ ప్లేట్లూ రెంటిలోనూ అదే తంతు. ఒకడు ముందుకీ వెనక్కీ పంచుతాడు, ఒకడు ఎడమకీ కుడికీ పంచుతాడు. ఒకే తల్లి పిల్లల్ని పట్టుకుని మీరు రెండు రోజులుగా కొట్టుకుంటున్నారు.

ఏ45 ఎస్ ఒక మెట్టు పైన ఉంటుంది. దాని వెనక ఇరుసులో ఒక్కో చక్రానికి ఒక్కో క్లచ్చు. వెనక్కి వెళ్లిన బలమంతా బయటి వెనక చక్రానికే ఇవ్వగలదు. అందుకే అది మలుపులో పిల్లిలా తిరుగుతుంది. అయినా వెనక్కి పోయేది గరిష్ఠంగా సగమే. నింపాదిగా పోతున్నప్పుడు అది కూడా ముందు చక్రాల బండే. రింగు రోడ్డు మీద నువ్వు నడిపేది 421 పీఎస్ ఎఫ్‌డబ్ల్యూడీ, వెనకేమో మోతబరువు.

చివరిగా, హాల్డెక్స్ ఉన్న ఏ బండి కొన్నా మూడేళ్లకోసారి ఆ నూనె మార్చారా అని బిల్లు చూడండి. ఐదో తరం దాంట్లో విడిగా ఫిల్టరు లేదు, పంపుకి సన్నటి జాలీ ఉంటుంది. ప్లేట్ల పొడి అక్కడ పేరుకుని నల్లటి బంకలా మూసేస్తుంది. నిరుడు ఒకటి విప్పాను, కాటుకభరిణె తెరిచినట్టుంది. ఆ బండాయన ఏడాదిగా నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయనే నమ్మకంతో ఘాట్లు ఎక్కేవాడు. తిరిగింది రెండే.

---

వరంగల్_వీల్‌స్పిన్ | 10 నవంబరు, రాత్రి 9:40

గోవిందన్నా, నువ్వు కాలేజీల చెప్పి ఉంటే నాకు మెకానికల్ బ్యాక్‌లాగ్ ఉండకపోవు.

---

పీలేరు_పోలో | 16 నవంబరు, సాయంత్రం 7:30

నిన్న రెండూ నడిపి చూశాను. రాసుకుంటూ పోతా.

ముందు పోలోకి కొత్త టైర్లు వేయించా. గోవిందన్న మొహమాటానికి. 

తర్వాత ఏ45. డీలరు కుర్రాడు పక్క సీట్లో కూర్చుని దారి చూడకుండా నా కుడికాలే చూస్తున్నాడు. హొసకోట టోలు దాటాక ఖాళీగా ఉన్నచోట ఒక్కసారి పూర్తిగా తొక్కాను. చక్రం తిరిగిన చప్పుడు లేదు, స్టీరింగులో వణుకు లేదు. కడుపు వెళ్లి వీపుకి అంటుకుంది. మాటల్లో పెట్టలేను, పెద్దగా నవ్వు మాత్రం వచ్చింది. కుర్రాడు "సార్, చాలు సార్" అన్నాడు. అయితే వెనక్కి వస్తూ సర్వీసు రోడ్డులో స్పీడు బ్రేకర్లు లెక్కపెట్టాను, పదకొండు. పదకొండు చోట్లా ఊపిరి బిగబట్టి కొంకర్లు పోతూ దాటించా. మామూలు వేగంలో పోతుంటే మాత్రం, రాయుడన్నా క్షమించు, అది నాతో మాట్లాడలేదు. 100 దాటితే గానీ నోరు విప్పనంటుంది. అక్కడికి చేరేసరికి నా లైసెన్సు ఉండదు.

సాయంత్రం జీటీఐ. వాన పడి ఆగింది. ఫ్లైఓవర్ దిగే లూపు, రెండో గేరు, తడి రోడ్డు. పోలో అలవాటుకి ముందే భయపడుతూ మలుపు మధ్యలో తొక్కాను. చక్రం గిర్రుమంటుందని చూస్తే, ముక్కుకి ఎవరో తాడు కట్టి లోపలికి లాగినట్టు బండి ఇంకా లోపలికి తిరిగింది. అది వ్యాక్ అనుకుంటా. మూడుసార్లు చుట్టూ తిరిగి మళ్లీ అదే లూపుకి వచ్చాను. మా ఆవిడ వెనక సీట్లో ఉంది, "దారి తప్పావా?" అని అడిగింది.

నేల నుంచి ఎత్తు 136 మిల్లీమీటర్లే, పాత ఊరి స్పీడు బ్రేకర్లకి ఏటవాలుగా ఎక్కించాలి. అది భరిస్తా. జీటీఐకే ఓటు.

---

ర్యాలీ_రాయుడు | 16 నవంబరు, సాయంత్రం 7:48

మనసు విరిచావు తమ్ముడూ. వాన మధ్యలో రెండూ ఒకే లూపులో తిప్పి ఉంటే నీ మాట వేరుగా ఉండేది. ఒకటి పొడిలో, ఒకటి తడిలో, ఇదేం పరీక్ష? సరేలే. తిరుమల ఘాటులో ఎటూ టైము చీటీ ఇస్తారు, 421 అయినా 105 అయినా కొండ మీదికి ముందుగా చేరితే జరిమానాయే.

---

పీలేరు_పోలో | 29 నవంబరు, ఉదయం 8:05

చెడ్డ కబురు. మా ఆఫీసాయన ఆన్‌సైట్ రద్దయింది. జీటీఐ అమ్మడట. నిన్న క్యాంటీన్‌లో కనిపించి సారీ చెప్పాడు, మొహంలో మాత్రం సంతోషం దాచుకోలేకపోయాడు.

---

మూడోగేర్ | 29 నవంబరు, ఉదయం 8:30

బాధపడకండి. మా ట్రాక్ బృందంలో ఒకాయన ఆక్టేవియా ఆర్‌ఎస్ 245 అమ్మేస్తున్నాడు. 245 పీఎస్, అదే 370 ఎన్ఎం, అదే వ్యాక్. కేఏ నంబరే. ట్రాక్ ఎక్కింది రెండేసార్లు, దానికి నేనే సాక్షి. ముప్పైల్లో అడుగుతున్నాడు.

---

ర్యాలీ_రాయుడు | 29 నవంబరు, ఉదయం 8:41

అది సెడాను కదండీ! ఇది హాట్ హ్యాచ్ చర్చ.

---

మూడోగేర్ | 29 నవంబరు, ఉదయం 8:43

డిక్కీ ఎత్తితే వెనక అద్దంతో సహా లేస్తుంది. అద్దం లేస్తే హ్యాచ్చే. ఇందులో వాదన లేదు.

---

చర్చా_కాపలా | 29 నవంబరు, ఉదయం 8:50

అద్దం లేస్తుంది. అనుమతి ఇచ్చాం.

---

పీలేరు_పోలో | 14 డిసెంబరు, రాత్రి 10:10

కొన్నాను! ఆర్‌ఎస్ 245. మిగిలిన డబ్బులో సగం మా ఆవిడ పట్టుకెళ్లింది, మిగతా సగం ట్రాక్ డేలకి, బ్రేకు ప్యాడ్లకి. పోలో అమ్మలేదు, మా తమ్ముడికిచ్చా.

నిన్ననే పీలేరు పోయొచ్చాం. అమ్మ వెనక సీట్లో కూర్చుని, "దీనికి ఇంత పోశావా? చూడ్డానికి టాక్సీలా ఉండాది" అంది. వాయల్పాడు దారిలో ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి లారీ లేదు, వాన లేదు, రోడ్డు పొడిగా ఉంది. వెనక అమ్మ ఉందని నలభైలోనే దాటించా.

రాబోయే శనివారం పొద్దున ఐదింటికి హొసకోటలో కలిసి హార్స్‌లీ హిల్స్ పోదాం. రాయుడన్నా, నువ్వు తప్పకుండా రావాలి. వచ్చేవాళ్లు పేరు రాయండి.

---

ర్యాలీ_రాయుడు | 14 డిసెంబరు, రాత్రి 10:16

వస్తా. వాన పడాలని మొక్కుకుని మరీ వస్తా.

---

గేర్‌బాక్స్_గోవిందు | 14 డిసెంబరు, రాత్రి 10:25

శుభం తమ్ముడూ. నేనూ వస్తా. టైరు గోడ మీద నాలుగంకెలు చూశావా?

---

పీలేరు_పోలో | 14 డిసెంబరు, రాత్రి 10:41

ఇప్పుడే కిందికి దిగి చూసొచ్చా అన్నా. 4819.

---

వరంగల్_వీల్‌స్పిన్ | 14 డిసెంబరు, రాత్రి 10:42

😂😂😂